ఆయన వైపు పడిన బంతి

మొన్న గుంటూరులో ఒక పెళ్ళికి వెళితే, భోజనాల దగ్గర నరసరావుపేట పాత ప్లీడరు ఒకాయన నా పక్కన తగిలాడు. ఇద్దరం ముసలివాళ్ళమైపోయాం కాబట్టి ముసలివాళ్ళు మాట్లాడుకునేవే మాట్లాడుకున్నాం. ఎవరున్నారు, ఎవరు పోయారు. పప్పులో నెయ్యి వేయించుకుంటూ ఆయన, "మన శిరస్తాదారు గూడా పోయాడు, తెలుసా మాస్టారూ? నిరుడే" అన్నాడు. నాకు తెలియదు. అవతల కూర్చున్న వాళ్ళ అల్లుడు "ఏ శిరస్తాదారు మావయ్యా?" అని అడిగితే, "అదేనయ్యా, క్లబ్బులో టెన్నిసు ఆడి డ్రిల్లు టీచరమ్మ చేతిలో ఓడిపోయాడని చెప్పలా, ఆయన" అని నవ్వాడు. అల్లుడూ నవ్వాడు.

ఒక మనిషి నిండా బతికి పోయాక ఊరికి ఒక్క వాక్యంగా మిగలడం మామూలే. రేపు నాకైనా అంతే. కానీ ఆ ఒక్క వాక్యమూ తప్పయితే ఒళ్ళు మండుతుంది. నాకు మండింది. పెరుగన్నం దాకా ఉండకుండా లేచి చెయ్యి కడుక్కున్నాను. ఆ మాట ఎంత తప్పో ప్లీడరుకు చెప్పి లాభం లేదు. చెప్పాలంటే ముందు ఆ మనిషిని చూపించాలి.

ఎనభైల మొదట్లో నేను నరసరావుపేటలో లెక్కల లెక్చరరుగా చేరాను. సాయంత్రాలు తోచక క్లబ్బుకు వెళ్ళేవాణ్ణి. క్లబ్బంటే కచేరీల వెనక ఒక పెంకుల వసారా, లోపల పేకాట గది, బయట ఒక మట్టి టెన్నిసు కోర్టు. కోర్టు వెనక కోర్టన్నమాట. పగలు ఆ కోర్టులో అరుచుకున్నవాళ్ళే సాయంత్రం ఈ కోర్టులో తెల్ల నిక్కర్లు వేసుకుని మళ్ళీ అరుచుకునేవాళ్ళు. నేను ఎవరితో ఆడినా ఓడిపోయే బాపతు. ఆ సంగతి నాకంటే ముందు గ్రహించి శిరస్తాదారు గారు నన్ను స్కోరు చెప్పే పనిలో పెట్టారు. కరెంటు పనివాళ్ళు వాడే రెండు కాళ్ళ నిచ్చెన ఒకటి నెట్టు పక్కన నిలబెట్టి, దాని మీద కూర్చోబెట్టారు. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ టెన్నిసును నేను నిచ్చెన మీదనుంచే చూశాను.

ఆయన మున్సిఫు కోర్టులో శిరస్తాదారు. అంటే దావా కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి లోపలికి పంపే పెద్ద గుమాస్తా. సొంత పేరు ఒకటి ఉండే ఉండాలి, ఎవరూ పిలవగా నేను వినలేదు. పొట్టి మనిషి. యాభై దాటాయి. చీలమండల పైనే ఆగిపోయే తెల్ల ప్యాంటు, మెడకు జేబురుమాలు, ఎడమ మోకాలికి గుడ్డ పట్టీ. ఆటలో బలం లేదు. బంతిని కోసి కొట్టేవారు. అది నెట్టు దాటి అవతల పడ్డాక ఇక లేచేది కాదు. కుర్ర ప్లీడర్లు పరుగెత్తుకొచ్చి బోర్లా పడితే, "నిదానం, నిదానం. వాయిదా ఉంది గదా" అనేవారు.

క్లబ్బులో ఎవరికీ పట్టని పనులన్నీ ఆయనవే. నాలుగింటికల్లా కచేరీలోంచి వచ్చి నీళ్ళు చల్లించేవారు, రోలరు లాగించేవారు, సున్నం గీతలు మాత్రం ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవారు కాదు. పత్తి సీజనులో జిన్నింగు మిల్లుల దూది గాలికి కొట్టుకొచ్చి తడి కోర్టంతా అంటుకునేది. వంగి దాన్ని ఏరుతూ, "గీత మీద దూది పడితే గీత వెడల్పయినట్టు కనపడిద్ది మాస్టారూ. అది అన్యాయం" అనేవారు. నిజంగా బాధపడుతూనే అనేవారు.

గీతల సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. మా క్లబ్బులో గీతలు నిలకడగా ఉండేవి కావు. తాసీల్దారు గారు కొడితే గీత రెండు వేళ్ళు అవతలికి జరిగేది. డీఎస్పీ గారు కొడితే జానెడు జరిగేది. ఆర్డీవో గారు కొడితే గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. బంతి కంచె దగ్గర పడినా అవతలివాడు రాకెట్టు పైకెత్తి "గుడ్ షాట్ సార్!" అనేవాడు.

శిరస్తాదారు గారి గీతలు మాత్రం వేసిన చోటే ఉండేవి. ఒకసారి కొత్తగా వచ్చిన ఆర్డీవో గారు కొట్టిన బంతి ఈయన వైపు వెనక గీత దాటి పడింది. మట్టి కోర్టులో బంతి పడ్డచోట మచ్చ మిగులుతుంది. ఈయన రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకుని, దావా మీద స్టాంపు సరిపోయిందో లేదో చూసినట్టు ఆ మచ్చను చూసి "అవుట్" అన్నారు.

ఆర్డీవో గారు నవ్వుతూనే, "సరిగ్గా చూశారా?" అన్నారు.

"నా వైపు పడింది సార్. నేను చెప్పాలి. మీ వైపు పడింది మీరు చెప్పండి, నేనేం అడగను."

వసారాలో పేకముక్కల చప్పుడు ఆగిపోయింది. ఆర్డీవో గారు ఒక్క క్షణం చూసి, "సరే, కానివ్వండి" అన్నారు. తర్వాత తన వైపు పడిన బంతిని ఆయన కూడా వంగి చూసి మరీ చెప్పడం మొదలుపెట్టారు. బదిలీ అయ్యేదాకా శిరస్తాదారు గారితో తప్ప ఇంకొకరితో ఆడలేదు.

ఆ రోజు రాకెట్లు సర్దుకునేటప్పుడు నేను, ఉద్యోగం చేసుకునే మనిషికి ఇంత పట్టుదల దేనికండీ అన్నాను. "పొద్దస్తమానం ప్రమాణం చేసి అబద్ధాలు చెప్పేవాళ్ళనే చూస్తా మాస్టారూ. సాయంత్రం గంటసేపన్నా ప్రమాణం లేకుండా నిజం వినబడాలి గదా" అన్నారు. నేను ఆయన్ని ఇష్టపడడం మొదలుపెట్టింది అప్పుడే.

ఏటా కోటప్పకొండ తిరునాళ్ళకు ముందు టోర్నమెంటు జరిపించేవారు. ఆ రోజుల్లో ఆయన్ని చూడాలి. మైకు పట్టుకుని స్కోరు తెలుగులో చెప్పేవారు. సున్నాను టెన్నిసులో లవ్ అంటారు కదా, ఆ మాట ఆయన నోట రాదు. మొదటి ఏడు మామూలుగానే "ఫిఫ్టీన్ లవ్, థర్టీ లవ్" అని మైకులో అంటుంటే, గోడ అవతల మిషను వాళ్ళ ఆడపిల్లల బడి ఉంది, హాస్టలు పిల్లలు కిసుక్కుమన్నారట. మర్నాడు పెద్ద టీచరమ్మ మనిషిని పంపి, మైకులో అలాంటి మాటలు వద్దని చెప్పించింది. అప్పటినుంచి "పదిహేను సున్నా, ముప్ఫై సున్నా". నేను నిచ్చెన మీదనుంచి పొరపాటున లవ్ అన్నా కింద నుంచి గుర్రుగా చూసేవారు.

వాకోవర్ అన్న మాట కూడా వాడేవారు కాదు. ఆడాల్సిన మనిషి రాకపోతే, కోర్టులో కక్షిదారుణ్ణి పిలిచినట్టు, వసారా మెట్టు మీద నిలబడి మూడుసార్లు పేరు పెట్టి పిలిచేవారు. మూడోసారికీ పలకకపోతే మైకులో "గైర్హాజరు" అనేవారు. చూసేవాళ్ళకు అదొక వినోదం. మనిషి అక్కడే పేకాడుతూ ఉన్నా సరే, పిలవాల్సిందే.

ఏ సంవత్సరమో సరిగ్గా గుర్తులేదు, ఎనభై నాలుగో ఐదో. ఆ గోడ అవతలి బడికి కొత్తగా డ్రిల్లు టీచరు వచ్చింది. గురజాల వైపు అమ్మాయి. తండ్రి కూడా మిషను బడి పంతులే. ట్రైనింగు కాలేజీలో టెన్నిసు నేర్చుకుందట. ఇక్కడ తోడు ఆడేవాళ్ళు లేక, బడి వదిలాక గోడకు కొట్టుకుంటూ ఉండేది. మాకు చప్పుడు వినబడేది, అంతే. శిరస్తాదారు గారు ఆట మధ్యలో ఆగి అటు చెవి పెట్టి, "బ్యాక్‌హ్యాండు బాగా కుదిరింది" అనేవారు. చప్పుడు విని ఎలా చెప్పేవారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఏడు టోర్నమెంటు నోటీసు క్లబ్బు గేటుకు అంటించిన రెండో రోజున ఆమె లోపలికి వచ్చింది. అంతకుముందు ఆ గేటులోంచి ఆడమనిషి రావడం నేను చూడలేదు. సన్నగా, నల్లగా, తెల్ల పంజాబీ డ్రస్సులో, చేతిలో రాకెట్టుతో నిలబడి శిరస్తాదారు గారిని అడిగింది.

"సార్, సింగిల్సుకి ఊళ్ళో వాళ్ళందరూ రావచ్చని రాశారు. నేను గూడా రావచ్చా?"

"రాసింది నేనేనమ్మా. పేరు చెప్పు."

పేకాట గదిలోంచి నలుగురు లేచి వచ్చారు. ఆమె వెళ్ళేదాకా ఆగి, క్లబ్బు ప్రెసిడెంటు, ఆయన పెద్ద ప్లీడరు, గొంతు సవరించుకున్నాడు.

"అందరూ అంటే మగాళ్ళందరూ అని గదా శిరస్తాదారు గారూ."

"అట్టా రాయలేదు గదండీ."

"అది రాయాలా? తెలిసిందేగా."

"మీరు తెలిసింది అంటన్నారు. నేను రాసింది అంటన్నా. అందరూ అంటే అందరే."

ప్లీడర్లకు కాగితం మీద మాటతో ఎదురుపడడం కష్టం. ఊరుకున్నారు. ఊరుకున్నారనే నేనూ అనుకున్నాను.

మొదటి ఆట రోజున ఆమె వేళకు ముందే వచ్చింది. చున్నీని నడుముకు అడ్డంగా బిగించి కట్టుకుంది. గోడ మీద హాస్టలు పిల్లలు వరసగా మొహాలు పెట్టారు. ఎదురు ఆడాల్సిన కుర్ర ప్లీడరు రాలేదు. భార్యకు జ్వరమని కబురు పంపాడు. శిరస్తాదారు గారు మూడు కేకలు వేసి గైర్హాజరు అన్నారు. ఆమె కోర్టు మధ్యలో బంతి పట్టుకుని నిలబడి విని, రాకెట్టును గుడ్డ సంచిలో పెట్టుకుని వెళ్ళింది. రెండో ఆటకు ఇంజనీరు గారికి మాచర్ల క్యాంపు పడింది. మూడో ఆటకు బ్యాంకు ఆయనకు మెడ పట్టేసింది. ఆమె ప్రతిసారీ ఉతికిన డ్రస్సుతో వచ్చేది. ఎదుట ఖాళీ కోర్టు. మొదటి కేకకూ రెండో కేకకూ మధ్య శిరస్తాదారు గారు ఆగడం పెరిగింది. మెట్టు మీద నిలబడి గేటు వైపు చూస్తూ ఉండేవారు, ఎవరైనా పరుగెత్తుకుంటూ వస్తారేమోనని.

కాఫీ హోటళ్ళలో ఇదే నవ్వు. ఒక్క బాల్ కొట్టకుండా ఫైనలుకొచ్చింది, ఆడదంటే అట్టా ఉండాలి అని. మూడో రోజు ఆమె సంచి భుజానికి తగిలించుకుంటూ నన్ను అడిగింది.

"నిజంగా అందరికీ ఒకేసారి జబ్బులొచ్చినయ్యా సార్?"

నేను నిచ్చెన మడవడంలో చాలా హడావుడిగా ఉన్నట్టు కనబడ్డాను.

ఫైనల్లో ఎదుటివాడు కిందటేడు కప్పు కొట్టిన ఆంజనేయులు. పత్తి మిల్లు యజమాని, ముప్ఫై అయిదేళ్ళవాడు, ఫోర్‌హ్యాండు పిడిగుద్దులాగా ఉండేది. ఆయన రాకుండా పోలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటుతో, కొత్త రాకెట్టుతో వచ్చి, వసారాలో కుర్చీ వేసుకుని గోలీ సోడా తాగుతూ కూర్చున్నాడు. ఊరంతా గోడల మీద ఉంది. శిరస్తాదారు గారి మొహం వెలిగిపోయింది. ఇద్దరి పేర్లూ మైకులో చెప్పారు. ఆమె వచ్చి నిలబడింది. ఆంజనేయులు కదల్లేదు.

"ఆంజనేయులు గారూ" అని ఆయనకు ఎదురుగా నిలబడే పిలిచారు. "ఆంజనేయులు గారూ!"

"వినబడిందిలెండి. నేను ఆడను. కప్పు ఇచ్చేయండి ఆమెకి."

"మరెందుకొచ్చారు?"

"గైర్హాజరు అనిపించుకోవడం ఇష్టం లేక వచ్చా. మీరే చెప్పండి శిరస్తాదారు గారూ. గెలిస్తే ఆడదాని మీద గెలిచాడంటారు. ఓడితే మిల్లులో హమాలీలు గూడా నా మాట వినరు. ఇందులో నాకేంది?"

నలుగురూ నవ్వారు. అందులో తర్కం ఉంది, అదే వచ్చిన చిక్కు. శిరస్తాదారు గారు మూడోసారి పిలవలేదు. ప్రెసిడెంటు ఇక తొందరగా తెమిల్చేద్దామని బల్ల మీది కప్పు తీశాడు. ఆమె నెట్టు దగ్గరికి వచ్చింది.

"కప్పొద్దు సార్. రోజూ వచ్చి పోతన్నా. ఒక్క ఆట ఆడదామని వచ్చా. ఎవరైనా సరే, ఒక్క సెట్టు ఆడించండి. గెలిస్తే కప్పు తీసుకుంటా. ఓడితే మీ బీరువాలో పెట్టుకోండి."

వసారాలో అందరూ ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు. శిరస్తాదారు గారు మైకు తెచ్చి నా చేతికిచ్చారు. మోకాలి పట్టీ బిగించుకున్నారు.

"ఎక్కండి మాస్టారూ."

"ఏందండీ ఇది, మీకు సింగిల్సు ఆడే మోకాలేనా అది?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఆమె అడిగింది ఆట. మోకాలు కాదు."

అలా మొదలైంది. మొదట ఆమె బెదిరింది. ఇన్నాళ్ళూ గోడతో ఆడిన మనిషి. గోడ కొట్టింది కొట్టినట్టు తిరిగి ఇస్తుంది. ఈయన కోసి వేసిన బంతి లేవకపోయేసరికి గాలిలో రాకెట్టు తిప్పింది. జనం నవ్వారు. నాలుగు ఒకటి. ఈయన ఒక్క బంతి కూడా వదల్లేదు, ఆడమనిషని మెత్తగా వెయ్యలేదు. ఆమె మోచేత్తో చెమట తుడుచుకుని, వంగి ఆడడం మొదలుపెట్టింది. బంతి లేవదని తెలిశాక ముందుకొచ్చి అందుకోసాగింది. నాలుగు మూడు. ఐదు నాలుగు. నవ్వులు ఆగిపోయాయి. గోడ మీద పిల్లలు గొంతులు పోయేలా అరుస్తున్నారు. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆ కోర్టు మీద అంత మంచి టెన్నిసు నేను చూడలేదు. ఆమె మొహంలో సంతోషం చూస్తే, ఇన్నాళ్ళ గైర్హాజర్లూ మర్చిపోయినట్టే ఉంది. ఓడిపోతోంది, అయినా సంతోషంగా ఉంది.

నలభై ముప్ఫై. ఇంకొక్క పాయింటు వస్తే సెట్టు ఆయనది. సర్వీసు ఆయనే చేశారు. బంతి చాలాసేపు అటూ ఇటూ నడిచింది. చివరికి ఆమె బ్యాక్‌హ్యాండుతో బలంగా కొట్టింది. బంతి ఆయన్ని దాటి వెనక గీత దగ్గర పడింది. ఆయన అడ్డం తప్పుకుని వదిలేశారు. నేను నెట్టు దగ్గర నిచ్చెన మీద ఉన్నాను, నాకు కనబడలేదు. కనబడినా చెప్పాల్సింది నేను కాదు. ఆయన నడుచుకుంటూ వెళ్ళి చేతులు మోకాళ్ళ మీద ఆనించి మచ్చను చూశారు. తల ఎత్తి గోడ మీది పిల్లల్ని చూశారు. వసారాలో సోడా సీసా పట్టుకుని నవ్వుతున్న ఆంజనేయుల్ని చూశారు. మళ్ళీ మచ్చ వైపు చూసి, దాని మీద బూటు కాలు అటూ ఇటూ రాసి, "గుడ్" అన్నారు.

"నలభై నలభై" అన్నాను మైకులో. పిల్లలు గోడ కూలేట్టు అరిచారు.

ఆమె కదల్లేదు. "సార్, సరిగ్గా చూశారా?" అంది.

"నా వైపు పడిందమ్మా. నేను చెప్పాను."

అక్కణ్ణుంచి ఏం జరిగిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాతి బంతి ఆమె చేతికి తేలిగ్గా అందింది, తీసుకెళ్ళి నెట్టులో కొట్టింది. కంగారు పడిందనుకున్నాను. మళ్ళీ ఒక్క పాయింటు దూరంలో ఈయన. ఈయన రెండు సర్వీసులూ నెట్టులోనే వేశారు. మోకాలు నొప్పనుకున్నాను. ఆమె పెదవులు బిగించి ఆయన వైపు చూసింది. ఇక ఆ తర్వాత వచ్చిన ప్రతి బంతినీ కోపంగా కొట్టింది. ఏడు ఐదు. ఆమె గెలిచింది.

మైకు నా దగ్గర్నుంచి లాక్కుని "టీచరమ్మ గెలిచింది!" అని ఆయనే అరిచారు. చిన్నపిల్లాడిలాగా ఉంది ఆయన వరస. ఆమె నెట్టు మీదనుంచి చెయ్యి తాకీ తాకనట్టు కలిపింది. దండ వేశారు, కప్పు ఇచ్చారు, ఫొటో తీశారు. అందరికీ ఊపిరి పీల్చుకున్నట్టయింది. ఆంజనేయులు కూడా చప్పట్లు కొట్టాడు, ఓడింది తను కాదు కదా.

మర్నాటికి శిరస్తాదారు గారు కొత్త బంతుల డబ్బా తెరిచి కూర్చున్నారు. టీచరమ్మ వస్తుంది, రోజూ ఒక సెట్టు ఆడాలి, వచ్చే ఏడు ఆడవాళ్ళ సింగిల్సు విడిగా పెట్టాలి, గుంటూరు నుంచి కూడా రప్పించాలి, ఇవీ మాటలు. ఆమె రాలేదు. ఆ వారం రాలేదు, పై వారమూ రాలేదు. గోడ అవతల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆయన ఆట మధ్యలో అటు చెవి పెట్టేవారు, ఏమీ వినబడేది కాదు.

"ఒకసారి కనుక్కోండి మాస్టారూ. ఎవరన్నా ఏమన్నా అన్నారేమో" అని నన్ను పంపారు.

వెళ్ళేసరికి ఆమె గ్రౌండులో పిల్లల చేత రింగు ఆడిస్తోంది. నన్ను చూసి పక్కకు వచ్చింది. ఎందుకు రావడం లేదమ్మా అని అడిగాను.

"ఆ బాల్ అవుట్ సార్."

"ఏ బాల్?"

"నలభై ముప్ఫై అప్పటిది. గీతకి ఇంత అవతల పడింది." రెండు వేళ్ళు పెట్టి చూపించింది. "కాలితో చెరిపారు. అడిగా గూడా. నా వైపు పడింది, నేను చెప్పా అన్నారు."

"ఆయన నీ మంచికోసమే గదమ్మా."

"అదే గదా సార్. వాళ్ళు రాలేదు, రాకపోతే పోయారనుకున్నా. ఈయన వచ్చారు. నిజంగా ఆడారు. ఆడతా ఆడతా ఉండి, చివర్లో నన్ను ఆడదాన్ని చేసి పంపించారు." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ గొంతులో ఉన్నది ఏడుపు కాదు. "ఆర్డీవో గారి బాలే అవుటన్నారంట. నా బాల్‌కేమొచ్చింది?"

వచ్చి ఆమె అన్నది అన్నట్టు ఆయనకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని ఎవరైనా అంటారేమో, నేను అనుకోను. ఆయన గీత వేస్తున్నారు. తల ఎత్తలేదు.

"లోపలే పడింది మాస్టారూ" అన్నారు. గీత వేస్తూనే, "గీత మీద పడింది. లోపలే" అన్నారు మళ్ళీ.

ఆ మాటే పట్టుకున్నారు. ఎవరూ అడగకుండానే అనేవారు. టీ తాగుతూ, రోలరు పక్కన నిలబడి, సంబంధం లేకుండా, "లోపలే పడిందిలెండి" అనేవారు. నాకు కోపం వచ్చేది, ఆ వెంటనే జాలి వేసేది. ఆమె గెలుపు నిలబడాలంటే ఆయన ఆ అబద్ధాన్ని రోజూ మొయ్యాలి. ఆమెకా ఆ గెలుపు అక్కర్లేదు.

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. ఆ తర్వాత ఆయన వైపు బంతి గీత దగ్గర పడితే వంగి చూసేవారు, చూసి నిలబడిపోయేవారు. "మీరేమంటారు?" అని ఎదుటివాళ్ళను అడిగేవారు. లేకపోతే "మళ్ళీ ఆడదాం" అనేవారు. తాసీల్దారు గారికైనా, కుర్ర ప్లీడరుకైనా అంతే. అవుట్ అన్న మాట ఆయన నోట మళ్ళీ నేను వినలేదు. మా క్లబ్బు గీతలన్నీ ఎప్పటిలా కదలడం మొదలుపెట్టాయి.

పై ఏడు నోటీసులో ప్రెసిడెంటు తన చేత్తోనే "పురుషులకు మాత్రమే" అని చేర్చాడు. శిరస్తాదారు గారు గొడవ చేస్తారని నేను ఎదురుచూశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, గోందు రాసి, స్వయంగా గేటుకు అంటించి వచ్చారు.

"అట్టా ఎట్టా ఊరుకున్నారండీ?" అన్నాను.

"ఎట్టాగూ ఆవిడ రాదు గదా" అన్నారు.

కొన్నాళ్ళకు నాకు చీరాల బదిలీ అయింది. ఆయన రిటైరయ్యారు. ఎనభైలు వెళ్ళిపోయే ముందు, ఏదో పరీక్ష పేపర్ల పని మీద నరసరావుపేట వచ్చి, బస్సుకు ఇంకా టైముందని ఆయన ఇంటికి వెళ్ళాను. వాకిట్లో పేము కుర్చీలో కూర్చుని మోకాలి మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని ఉన్నారు. నడవడం కష్టమైందట. వాళ్ళావిడ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. క్లబ్బులో కోర్టు సగం పార్కింగు అయిందని, ఎవరూ ఆడటం లేదని ఆయనే చెప్పారు. పెద్దగా బాధ కూడా కనబడలేదు ఆ చెప్పడంలో. తర్వాత అడిగారు.

"టీచరమ్మ యాడుంది మాస్టారూ ఇప్పుడు?"

"మాచర్లలో ఉందటండీ. పెళ్ళయింది."

"ఆడతందా?"

ఆడుతోందని చెబితే పోయేదేమీ లేదు. నోటిదాకా వచ్చింది. కానీ ఆ మనిషి ముందు కూర్చుని ఆ మాట అనలేకపోయాను.

"లేదండీ. ఆ రాకెట్టు గూడా అప్పుడే ఎవరికో ఇచ్చేసిందట."

ఆయన సంచిని మోకాలి మీద అటు తిప్పి ఇటు తిప్పి పెట్టుకున్నారు. వీధిలో పత్తి బోరాల లారీ ఒకటి పోయింది.

"ఆ బాల్ అవుటే మాస్టారూ."

ఇన్నేళ్ళలో మొదటిసారి. "పోనీలెండి, మీరు ఆ పిల్ల మంచి కోరే గదా" అన్నాను. చెయ్యి అడ్డం పెట్టి ఆపేశారు.

"అవుటని ఉంటే ఓడిపోయేది. నా మీద కోపంతో ఆ రాత్రి నిద్రపోయేది గాదు. తెల్లారి రాకెట్టు తీసుకొని మళ్ళా వచ్చేది."